సిగరెట్ లెక్కకు అందని వాళ్ల గురించి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన వివిధ దేశాల ఆరోగ్య శాఖల అధికారులకు, పొగాకు వాడకంపై సర్వేలు రూపొందించే గణాంక నిపుణులకు, ఈ రంగంలో పనిచేసే పరిశోధకులకు,

నమస్కారాలు. పొగాకుకు వ్యతిరేకంగా దశాబ్దాలుగా మీరు చేసిన కృషి వల్ల ఎంతోమంది ఆయుష్షు పెరిగిందన్నది కాదనలేని నిజం. ఆ మాట ఒకసారి చెప్పి నేరుగా విషయంలోకి వస్తాను. ఒక సర్వే ముసాయిదా ప్రశ్నావళిపై ప్రజల అభిప్రాయాలు కోరినప్పుడు నేను, మరికొందరు మిత్రులు రాతపూర్వకంగా సూచనలు పంపాం. అందినట్టు రసీదు వచ్చింది. తర్వాత ఖరారైన ప్రశ్నావళిలో ఒక్క అక్షరం మారలేదు సరికదా, మా సూచనలు ఎందుకు పనికిరావో చెప్పిన వాళ్లు కూడా లేరు. గుర్తు చేస్తూ రాసిన ఉత్తరానికీ జవాబు లేదు. పరిస్థితి ఆ ఒక్క సర్వేకు, ఆ ఒక్క కార్యాలయానికి పరిమితమైతే ఈ లేఖ అవసరం ఉండేది కాదు. చాలా దేశాల నివేదికల్లో ఇదే ధోరణి కనిపిస్తోంది కనుక అందరినీ ఉద్దేశించి బహిరంగంగా రాస్తున్నాను.

మా అభ్యంతరం ఒక్కటే. పొగాకు వాడకాన్ని ప్రధానంగా సిగరెట్‌తో కొలిచి, దేశం మొత్తానికి ఒక శాతం తేల్చి, ఆ శాతం తగ్గగానే విజయం ప్రకటించే పద్ధతి, ఇంకా ఎవరు వాడుతున్నారో, ఏ రూపంలో వాడుతున్నారో తెలియకుండా చేస్తోంది. పొగాకు అన్ని వర్గాల ఇళ్లకూ ఒకే రూపంలో చేరదు. ఒకరికి సిగరెట్, ఒకరికి బీడీ, మరొకరికి దవడలో పెట్టుకునే ఖైనీ, కాలేజీ పిల్లలకు హుక్కా, వాళ్లకన్నా చిన్నవాళ్లకు పండ్ల రుచులతో ఇ-సిగరెట్. చదువు, ఆదాయం, లింగం, వయసు, జాతి, చేసే పని, మానసిక ఆరోగ్యం, ఇవన్నీ కలిసి ఎవరి చేతికి ఏది చేరుతుందో నిర్ణయిస్తున్నాయి. చట్టాలు, పన్నులు, హెచ్చరిక బొమ్మలు, మానిపించే కేంద్రాలు మాత్రం చాలావరకు సిగరెట్ తాగే మగవాడిని దృష్టిలో పెట్టుకుని తయారవుతున్నాయి. దీని పర్యవసానాలు మామూలు మనుషుల మీద ఎలా పడుతున్నాయో కింద వివరిస్తాను.

1. ప్రశ్న అడిగే తీరులోనే ఆడవాళ్లు తప్పిపోతున్నారు.

భారతదేశంలో 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 14.2 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవాళ్లు 2.0 శాతం మాత్రమే. నమలడం, చిగుళ్లకు రాసుకోవడం, దవడలో ఉంచుకోవడం వంటి పొగరాని రూపాల్లో వాడేవాళ్లు 12.8 శాతం. బంగ్లాదేశ్‌లో 2009 నాటి సర్వేలో తేడా ఇంకా పెద్దది: పొగ తాగే ఆడవాళ్లు 1.5 శాతం, పొగరాని పొగాకు వాడేవాళ్లు 27.9 శాతం. అక్కడి మగవాళ్లలో ఇది 26.4 శాతమే, అంటే ఈ ఒక్క విషయంలో ఆడవాళ్లే ముందున్నారు. ఈ రెండు సర్వేలూ రెండు రకాల ప్రశ్నలూ అడిగాయి కాబట్టే మనకు ఈ మాత్రమైనా తెలిసింది. కానీ సాధారణ ఆరోగ్య సర్వేల్లో, ఆస్పత్రి నమోదు పత్రాల్లో, బీమా దరఖాస్తుల్లో ఇప్పటికీ తరచు కనిపించేది ‘మీరు పొగ తాగుతారా?’ అన్న ఒక్క ప్రశ్నే.

ఆ ప్రశ్న గుమ్మం దగ్గర ఎలా నడుస్తుందో ఒకసారి ఊహించండి. సర్వే చేసే యువకుడు టాబ్లెట్ పట్టుకుని నిలబడి ఉంటాడు. లోపలి నుంచి వచ్చిన నడివయసు మహిళ పక్కన అత్తగారో కొడుకో ఉంటారు. ‘పొగ తాగుతారా?’ అని అడిగితే ఆమె లేదంటుంది, అబద్ధమేమీ లేదు. అతను ‘లేదు’ మీద వేలు నొక్కగానే తర్వాతి పన్నెండు ప్రశ్నలూ వాటంతటవే మాయమై తెర నేరుగా ఆహారపు అలవాట్ల విభాగానికి దూకుతుంది. ఆ క్షణంలో కూడా ఆమె కింది పెదవి వెనక పొగాకు ఉండి ఉండవచ్చు. ఆమె లెక్కలో లేదు కనుక ఆమె నోరు తెరిచి చూడమని ఏ కార్యక్రమమూ ఏ ఆరోగ్య కార్యకర్తకూ చెప్పదు. పొగరాని పొగాకు నోటి క్యాన్సర్‌కు, అన్నవాహిక క్యాన్సర్‌కు, క్లోమ క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చాలా కాలం క్రితమే తేల్చింది. నోటిలో తెల్లమచ్చ కనబడిన దశలో పట్టుకుంటే బాగుచేయగలిగిన రోగం, నోరు తెరవలేని స్థితిలో ఆస్పత్రికి చేరుతోందంటే అందులో ఈ ఒక్క ప్రశ్నకు కూడా భాగం ఉంది.

ప్రపంచంలో పొగరాని పొగాకు వాడేవాళ్లు 30 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లలో అత్యధికులు దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశాల వాళ్లు. ఇంతమందికి ‘ఇతర ఉత్పత్తులు’ అనే వరుసలో చోటిచ్చి సరిపెట్టుకోవడం న్యాయం కాదు.

2. సగటు తగ్గింది నిజమే, ఎవరికి తగ్గింది?

అమెరికాలో 1965 ప్రాంతంలో వయోజనుల్లో సుమారు 42 శాతం మంది సిగరెట్లు తాగేవాళ్లు. 2021 నాటికి అది 11.5 శాతానికి దిగింది. ప్రజారోగ్య చరిత్రలో ఇది గొప్ప విజయాల్లో ఒకటి. అయితే అదే 2021 లెక్కలను చదువు ప్రకారం విడదీస్తే, బడి చదువు మధ్యలో ఆపి తర్వాత తత్సమాన పరీక్షతో సరిపెట్టుకున్న వాళ్లలో 30.7 శాతం మంది తాగుతున్నారు, పోస్ట్‌గ్రాడ్యుయేట్ చదువున్న వాళ్లలో 3.2 శాతం. ఒకే దేశం, ఒకే సంవత్సరం, ఒకే చట్టం. తేడా తొమ్మిది రెట్లకు పైగా. తీవ్రమైన మానసిక వేదనతో ఉన్నవాళ్లలో ఆ శాతం, లేనివాళ్లలో ఉన్నదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అంటే చదువుకున్న వాళ్లు, కార్యాలయాల్లో పనిచేసే వాళ్లు, డాక్టరు దగ్గరికి సులువుగా వెళ్లగలిగిన వాళ్లు మానేయగా, మిగిలిన వాళ్ల దగ్గర అలవాటు పేరుకుపోయింది.

ఇది అనుకోకుండా జరిగిందేమీ కాదు. పరిశోధకుడు లోపెజ్, ఆయన సహచరులు 1994లో సిగరెట్ మహమ్మారి నాలుగు దశల్లో నడుస్తుందని వివరించారు. మొదట మగవాళ్లు, అందులోనూ మెరుగైన స్థితిలో ఉన్నవాళ్లు మొదలుపెడతారు. కొంత కాలానికి ఆడవాళ్లు చేరతారు. ఆ తర్వాత చదువున్నవాళ్లు ముందుగా బయటపడతారు, చివరికి అలవాటూ దాని రోగాలూ పేదవాళ్ల దగ్గర మిగిలిపోతాయి. ఈ వరుస తెలిసి ముప్పై ఏళ్లు దాటినా, జాతీయ లక్ష్యాలు ఇంకా ‘మొత్తం వాడకం ఇంత శాతం తగ్గాలి’ అన్న భాషలోనే ఉంటున్నాయి. ఇలా రాసిన లక్ష్యాన్ని తేలిగ్గా మానగలిగిన వాళ్లను మాన్పించి కూడా చేరుకోవచ్చు. అత్యంత కష్టంలో ఉన్న ఒక్క మనిషినీ తాకకుండానే చేరుకోవచ్చు. నా దృష్టిలో ఈ విధానంలోని అతి పెద్ద లోపం ఇదే. లక్ష్యం చేరామని పత్రికా ప్రకటన వెలువడిన రోజున కూడా, ఆదాయంలో పెద్ద వాటా పొగాకుకే పోయే కుటుంబంలో ఏమీ మారదు. ఆ ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే ఇల్లంతా కూలిపోతుంది.

మరో మాట. గృహ సర్వేలు పేరుకు తగ్గట్టే ఇళ్లకే వెళతాయి. జైళ్లలో, మానసిక చికిత్సాలయాల్లో, బారకాసుల్లో ఉన్నవాళ్లు, తలదాచుకునే చోటు లేక వీధుల్లో బతికేవాళ్లు వాటిలో ఉండరు. పొగాకు అత్యధికంగా ఉండే చోట్లు ఇవేనని ఈ రంగంలో ఉన్న ఎవరికైనా తెలుసు. 13 నుంచి 15 ఏళ్ల పిల్లలపై జరిగే ప్రపంచ యువత పొగాకు సర్వే బడి తరగతి గదుల్లో జరుగుతుంది. బడి మానేసి పనికి పోయే పిల్లవాడు, పెద్దవాళ్ల మధ్య పనిచేస్తూ అందరికన్నా ముందే అలవాటు పడే పిల్లవాడు, ఆ గదిలో లేడు కనుక లెక్కలోనూ లేడు.

3. ఒకదాని మీద పన్ను వేసి పక్క తలుపు తెరిచి ఉంచితే మూల్యం చెల్లించేది తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు.

దీనికి అమెరికాలో 2009లో జరిగినదానికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ సంవత్సరం సమాఖ్య పన్నులు పెంచినప్పుడు, చేత్తో చుట్టుకునే పొగాకు మీద పౌండుకు 24.78 డాలర్లు, పైపులో తాగే పొగాకు మీద పౌండుకు 2.83 డాలర్లు నిర్ణయించారు. పైపు పొగాకు ఏది, చుట్టుకునే పొగాకు ఏది అని నిక్కచ్చిగా విడదీసే కొలమానం చట్టంలో లేదు. కొద్ది నెలల్లోనే అంతకుముందు సిగరెట్ చుట్టుకోవడానికి అమ్మిన పొగాకే, అదే సంచిలో, పైన ‘పైపు పొగాకు’ అన్న చీటీతో అమ్మకానికి వచ్చింది. చుట్టుకునే పొగాకు అమ్మకాలు పడిపోయాయి, పైపు పొగాకు అమ్మకాలు ఆకాశానికంటాయి. దేశంలో పైపులు కొన్నవాళ్లు హఠాత్తుగా పెరిగిపోయారని ఎవరూ నమ్మలేదు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. చిన్న చుట్టలది కూడా అదే కథ. వెయ్యి చుట్టల బరువు మూడు పౌండ్లు దాటితే వేరే పన్ను వర్తిస్తుంది కనుక, తయారీదారులు కాస్త బరువు పెంచి వాటిని ‘పెద్ద చుట్టలు’గా మార్చేశారు. ఫిల్టరుతో, సిగరెట్ పరిమాణంలో, సిగరెట్‌లాగే పెట్టెలో వచ్చే వస్తువు కాగితం మీద మాత్రం చుట్ట అయింది.

అదే 2009లో వచ్చిన మరో చట్టం రుచులు కలిపిన సిగరెట్లను నిషేధించింది, పుదీనా చల్లదనాన్నిచ్చే మెంథాల్‌ను మాత్రం మినహాయించింది. రుచులు కలిపిన చుట్టల జోలికి పోలేదు. లవంగపు సిగరెట్లు వెంటనే లవంగపు చుట్టలుగా మారాయి. ఇక మెంథాల్ మినహాయింపు ఎవరి మీద పడిందో చూడండి: సిగరెట్లు తాగే నల్లజాతి అమెరికన్లలో దాదాపు 80 శాతం మంది తాగేది మెంథాల్ సిగరెట్లే, తెల్లవాళ్లలో అది అందులో సగం కూడా లేదు. ఈ తేడా సహజంగా పుట్టింది కాదు, దశాబ్దాల పాటు వాళ్ల పేటల్లో, వాళ్ల పత్రికల్లో కుమ్మరించిన ప్రకటనల ఫలితం. కెనడా 2017లో, ఐరోపా సమాఖ్య 2020లో మెంథాల్ సిగరెట్లను నిషేధించాయి. అమెరికాలో 2022 ఏప్రిల్‌లో ప్రతిపాదించిన నిషేధాన్ని 2025 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ‘దేశంలో సిగరెట్లు తగ్గాయి’ అన్న వాక్యం ఒక పేటలో ఒక అర్థంతో, పక్క పేటలో మరో అర్థంతో ఎందుకు వినబడుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ధర పెరిగితే వాడకం తగ్గుతుందన్నది రుజువైన సూత్రం, దానితో నాకు పేచీ లేదు. కానీ అది ఒక ఉత్పత్తి ధర కాదు, అందుబాటులో ఉన్న అన్ని ఉత్పత్తుల ధర అయినప్పుడే పనిచేస్తుంది. భారతదేశంలో 2016-17 సర్వే ప్రకారం సిగరెట్ తాగేవాళ్లు 4.0 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, ఖైనీ వాడేవాళ్లు 11.2 శాతం. ఇలాంటి చోట సిగరెట్ ఒక్కదాని పన్ను ఎంత పెంచినా అత్యధికుల మీద దాని ప్రభావం కంటితుడుపే.

4. పిల్లల విషయంలో మీ కొలమానం ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటోంది.

అమెరికా హైస్కూలు విద్యార్థుల్లో ఇ-సిగరెట్ల వాడకం 2019లో 27.5 శాతానికి చేరి 2024 నాటికి 7.8 శాతానికి తగ్గింది. 2024లో మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు రెండూ కలిపి చూస్తే ఇ-సిగరెట్లు 5.9 శాతం, నికోటిన్ పౌచ్‌లు (పెదవి వెనక పెట్టుకునే చిన్న నికోటిన్ సంచులు) 1.8 శాతం, సిగరెట్లు 1.4 శాతం. సిగరెట్ మూడో స్థానానికి పోయింది. ప్రశ్నావళిలో పౌచ్‌ల పేరు చేర్చారు కనుక వాటి సంగతి తెలిసింది. చేర్చని దేశాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. కొత్త వస్తువు దుకాణంలోకి వచ్చాక సర్వేలోకి రావడానికి ఏళ్లు పడుతోంది, ఆ ఏళ్లలో ఒక తరం అలవాటు పడిపోతోంది.

పైగా ఒక్కో ఉత్పత్తి ఒక్కో వర్గం వైపు వంగి ఉంటుంది. చాలా సంపన్న దేశాల్లో చదువు పెరిగే కొద్దీ సిగరెట్ తగ్గుతుంది. తూర్పు మధ్యధరా దేశాల్లోనూ, అక్కడి నుంచి పాకిన చోట్లా హుక్కా మాత్రం విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో, నగర యువతలో, సిగరెట్ ముట్టని యువతుల్లో కూడా కనిపిస్తుంది. ఒక్క విడత గంటసేపు హుక్కా తాగితే లోపలికి వెళ్లే పొగ పరిమాణం ఒక్క సిగరెట్ పొగకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే హెచ్చరించింది. అయినా ‘పేదలు, చదువు లేనివాళ్లు వాడతారు’ అన్న సిగరెట్ నమూనాతో హుక్కాను వెతికితే అది దొరకదు. ప్రతి ఉత్పత్తికీ దాని పటం వేరుగా గీయవలసిందే.

5. కలిపి వేసిన గడిలో చిన్న సమూహాలు మాయమవుతున్నాయి.

అమెరికా పట్టికల్లో ‘ఆసియన్లు’ అన్న గడిలో సిగరెట్ల వాడకం అన్ని వర్గాలకన్నా తక్కువగా కనిపిస్తుంది. ఆ గడిని విప్పితే కొరియన్, వియత్నామీ మగవాళ్లలో వాడకం ఎంతో ఎక్కువ. గడి పచ్చగా ఉంది కనుక వాళ్ల భాషలో మానిపించే సలహా కేంద్రం పెట్టాలన్న ఆలోచన బడ్జెట్ దగ్గరే ఆగిపోతుంది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. ఆస్ట్రేలియా తన ఆదివాసులను, టోరెస్ జలసంధి ద్వీపవాసులను విడిగా లెక్కించింది. వాళ్లలో 15 ఏళ్లు, అంతకు పైబడినవాళ్లలో రోజూ పొగతాగేవాళ్లు 2008లో 45 శాతం. 2018-19 నాటికి 37 శాతం. ఈ మధ్యలో వాళ్ల సమాజాల చేతుల్లోనే నడిచే ప్రత్యేక కార్యక్రమం 2010లో మొదలైంది. 37 శాతం ఇప్పటికీ చాలా ఎక్కువ, తగ్గుదలకు ఆ కార్యక్రమమే ఏకైక కారణమని కూడా నేను అనను. కానీ లెక్కపెట్టిన చోట పని మొదలైంది, లెక్కపెట్టని చోట పని మొదలుకావడానికి కారణమే కనిపించదు.

విచిత్రమేమిటంటే ఈ విషయంలో పొగాకు కంపెనీలకు మీకున్న సంకోచాలేవీ లేవు. ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ 1990ల మధ్యలో సాన్‌ఫ్రాన్సిస్కోలో స్వలింగ సంపర్కులను, నిరాశ్రయులను లక్ష్యంగా చేసుకుని ఒక అమ్మకాల పథకం వేసుకుందని, దానికి పెట్టుకున్న పేరు కూడా వాళ్లను అవమానించేదేనని తర్వాత బయటపడ్డ సొంత పత్రాలే చెబుతున్నాయి. అమ్మేవాడు జనాన్ని ఇంత సన్నగా జల్లెడ పట్టగలిగినప్పుడు, కాపాడవలసినవాడు మోటు లెక్కతో సరిపెట్టుకోవడం ఏ విధంగా సమంజసం?

6. చెప్పలేని వాళ్ల మాట.

దక్షిణ కొరియాలో జాతీయ ఆరోగ్య సర్వే నమూనాల్లో నికోటిన్ తాలూకు అవశేషమైన కొటినిన్‌ను మూత్ర పరీక్షలో చూసినప్పుడు, పొగతాగుతామని ఒప్పుకున్న ఆడవాళ్ల శాతానికి రెట్టింపుకు పైగా తేలింది. మగవాళ్లలో అంత తేడా లేదు. సిగ్గు, భయం ఎవరి మీద ఎక్కువ ఉంటాయో వాళ్ల లెక్కే ఎక్కువ తప్పుతుంది. అడిగేవాళ్లు ఎవరు, ఏ భాషలో అడిగారు, పక్కన ఎవరు ఉన్నారు అన్నవి నివేదిక అడుగున చిన్న అక్షరాల్లో వేయదగిన వివరాలు కావు.

ఈ లెక్కలన్నీ చివరికి చేరేది మానిపించే సాయం దగ్గరికి. నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స 2009లో, బుప్రోపియాన్, వరెనిక్లిన్ మందులు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. వయోజనులను పొగాకు మానిపించే చికిత్సపై ఆ సంస్థ తొలి మార్గదర్శకాలు 2024లో వెలువడ్డాయి, వాటిలో పొగరాని పొగాకు వాడేవాళ్లకు కూడా సిఫార్సులు ఉన్నాయి. కాగితం మీద అంతా సక్రమంగానే ఉంది. కానీ రోజు కూలి మీద బతికే మనిషి పని మానుకుని పగటిపూట మాత్రమే తెరిచే కేంద్రానికి వెళ్లలేడు. రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతారని మొదటి ప్రశ్న అడిగే సలహాదారు పత్రంలో, ఖైనీ వాడే మహిళ తాను రోజుకు ఎన్నిసార్లు పొగాకు దవడలో పెట్టుకుంటుందో ఎక్కడ నింపాలి?

హాని తగ్గింపు, అంటే సిగరెట్ మానలేనివాళ్లను తక్కువ హాని చేసే ఉత్పత్తుల వైపు మళ్లించాలన్న వాదన గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఈ చర్చ రాగానే అది వస్తుంది కనుక. స్వీడన్‌లో మగవాళ్లు సిగరెట్ వదిలి స్నస్ (పెదవి వెనక పెట్టుకునే అక్కడి పొగరాని పొగాకు) వైపు మళ్లారని, అక్కడ మగవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఐరోపాలోకెల్లా తక్కువ స్థాయిలో ఉన్నాయని చెబుతారు, అది కాదనను. కానీ స్వీడన్ స్నస్, దక్షిణాసియా ఖైనీ, సూడాన్ తూంబాక్ ఒకే వస్తువు కావు. తూంబాక్‌లో క్యాన్సర్ కారక నైట్రోసమైన్లు ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఇ-సిగరెట్ అయినా, పౌచ్ అయినా, సిగరెట్‌ను పూర్తిగా వదిలినవాడికే ఏ లాభమైనా. రెండూ వాడేవాడికి ఆ లాభం దక్కుతుందని చెప్పలేం. పూర్తిగా మారుతున్నది ఏ వర్గం, రెండూ వాడుతున్నది ఏ వర్గం, అంతకుముందు ఏదీ ముట్టకుండా కొత్తగా మొదలుపెడుతున్నది ఏ వర్గం అన్నది తేల్చకుండా ఈ వాదనకు అటు కానీ ఇటు కానీ తీర్పు చెప్పడం తొందరపాటు.

పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒడంబడిక 2003లో ఆమోదం పొంది, 2005 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉంది. అందులోని 4వ అధికరణం ఆదివాసుల అవసరాలను, లింగపరమైన ముప్పులను దృష్టిలో పెట్టుకోవాలని చెబుతోంది. 6వ అధికరణం పన్నుల గురించి, 14వది మానిపించే సాయం గురించి, 20వది పరిశోధన, నిఘా గురించి. మేము కొత్తగా కోరుతున్నది ఏమీ లేదు. మీరు సంతకం చేసినవాటినే అమలు చేయమంటున్నాం. ఆ ప్రకారం మా డిమాండ్లు ఇవి.

ఏ ఆరోగ్య సర్వేలోనైనా, ఏ ఆస్పత్రి పత్రంలోనైనా పొగ తాగడాన్ని గురించిన ప్రశ్నకు తోడుగా నమిలే, దవడలో పెట్టుకునే, ఆవిరి పీల్చే రూపాల గురించి విడివిడి ప్రశ్నలు ఉండాలి, మొదటిదానికి ‘లేదు’ అంటే మిగిలినవి దాటిపోయే ఏర్పాటును తొలగించాలి. ఒక వ్యక్తి రెండు మూడు ఉత్పత్తులు కలిపి వాడుతుంటే ఆ కలయికనే నమోదు చేయాలి. ఉత్పత్తుల జాబితాను ఏటా సవరించాలి.

ప్రతి జాతీయ నివేదికలో మొదటి పుటలోనే సగటుతో పాటు చదువు, ఆదాయం, లింగం, వయసు, సామాజిక వర్గం, మానసిక ఆరోగ్యం వారీగా అత్యధిక, అత్యల్ప శాతాల మధ్య దూరాన్ని ప్రకటించాలి. లక్ష్యాలను కూడా ఆ దూరం తగ్గే రూపంలోనే రాయాలి. చిన్న సమూహాల నుంచి నమూనా సరిపోదన్నది మేము పలుమార్లు విన్న సమాధానం. ఆ సమూహాల నుంచి అదనంగా నమూనా తీయడం గణాంక శాస్త్రంలో పాత పద్ధతే, ఖర్చు ఎక్కువవుతుంది, అంతే. ఏటా కుదరకపోతే మూడేళ్లకోసారి చేయండి, కొన్నేళ్ల లెక్కలు కలిపి ప్రకటించండి. జైళ్లు, చికిత్సాలయాలు, బడి బయటి పిల్లలు, నిరాశ్రయుల కోసం విడిగా సర్వేలు జరగాలి. కొంతమందిలోనైనా కొటినిన్ పరీక్షతో మాటనూ వాస్తవాన్నీ సరిచూడాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే, వేరుగా, వాళ్ల భాషలో అడగాలి.

పన్ను చట్టాల్లో పొగాకు ఉత్పత్తుల నిర్వచనాలను చీటీ మీది పేరుతో కాకుండా వాడే తీరును బట్టి రాయాలి, ఒకదాని పన్ను పెరిగినప్పుడు ప్రత్యామ్నాయాల పన్ను దానికి సమంగా పెరగాలి. ఆ పెంపు వల్ల వచ్చిన ఆదాయంలో నిర్ణీత భాగాన్ని ఆ భారం ఎక్కువగా మోసిన వర్గాలకు మానిపించే సాయంగానే తిరిగి ఇవ్వాలి. లేకపోతే పేదవాడి అలవాటు ఖజానాకు ఆదాయ మార్గంగా మిగిలిపోతుంది. మానిపించే కేంద్రాలు సాయంత్రాలు, సెలవు రోజుల్లో కూడా పనిచేయాలి, పని చేసే చోట్లకు వెళ్లాలి, అత్యావశ్యక జాబితాలోని మందులు ఉచితంగా ఇవ్వాలి.

చివరగా, సర్వే ముసాయిదాలపై వచ్చిన ప్రజాభిప్రాయాలన్నిటినీ, ప్రతి ఒక్కదానికీ మీ సమాధానంతో సహా బహిరంగంగా ప్రకటించాలి. తిరస్కరిస్తే కారణం రాయండి. ఆ కారణం సరైనదైతే ఒప్పుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. మీ తదుపరి సర్వే ప్రశ్నావళి ఖరారు కాకముందే ఈ లేఖలోని అంశాలపై రాతపూర్వక సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
భవదీయులు,
ముసాయిదాపై సూచనలు పంపిన పౌరుల తరఫున